పెద్దమ్మ నుదురు

మా పెద్దమ్మ పోయింది. పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, పెద్దమ్మ లేదిగ, జల్ది రా" అన్నాడు. నల్గొండ నుంచి కల్వకుర్తి దాకా బస్సులో కూర్చున్నంతసేపూ నాకు ఏడుపు కంటే భయమే ఎక్కువగా ఉంది. ఆమెకు నేనొక మాట ఇచ్చి ఉన్నాను.

మా నాన్న అన్న భార్య ఆమె. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆమే. మాది వ్యవసాయం ఇల్లు, ఏటా మైసమ్మకు బోనం ఎత్తే ఇల్లు. మా చేలో పత్తి ఏరే ఆడవాళ్ళు పాడుకునే యేసు పాటలు విని, పెద్దమ్మ వాళ్ళ వెంట వాళ్ళ వాడలోని ప్రార్థన మందిరానికి వెళ్ళింది. బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి బొట్టు పెట్టుకోలేదు. దేవుణ్ణి మార్చినందుకన్నా, ఆ వాడలో చాప మీద కూర్చున్నందుకే మావాళ్ళకు ఎక్కువ కోపం. "గా వాడకే పోవాల్నా?" అని పెద్దనాన్న గొంతు చించుకుంటే, "ఆయన నాకు ఆడనే దొరికిండు, ఏం జేయాలె" అనేది.

మొగుడుండగా ఉత్త నుదురేమిటని ఊరంతా ఆడిపోసుకుంది. ప్రయాణమై వెళ్ళేవాళ్ళు ఆమె ఎదురైతే వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయలుదేరేవాళ్ళు. అందుకని వీధిలో అలికిడి వినగానే ఆమే తలుపు వెనక ఆగేది. నాకైతే ఒళ్ళు మండేది. నాకు మాత్రం రోజూ జడ వేసి, "బొట్టు నువ్వే పెట్టుకో బిడ్డా" అని అద్దం చేతికిచ్చేది.

సాధువేమీ కాదు, మొండిమనిషి. పెళ్ళి భోజనాల్లో అందరూ తింటుంటే విస్తరి ముందు కళ్ళు మూసుకుని, పప్పు చల్లారేదాకా ప్రార్థన చేసేది. పాటకు గొంతు కలవదు, అయినా ముందు వరుసలోనే పాడేది.

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడు, ఒక్కగానొక్క కొడుకు బోరు మోటారు దగ్గర కరెంటు కొట్టి చనిపోయాడు. "బొట్టు తీసేసినవ్, కొడుకును మింగినవ్" అని శవం పక్కనే అన్నారు. ఆ ఆదివారమే ఆమె మందిరానికి వెళ్ళింది. మనసెట్లా వచ్చిందని అడిగాను.

"ఇంగ యాడికి పోవాలె బిడ్డా? ఏడ్వనీకి నాకు ఇంకో జాగా లేదు" అంది.

అప్పటి నుంచి పెద్దనాన్న ఆమెతో మాటలు మానేశాడు. ఆకలేస్తే గోడకు చెప్పినట్టు "అన్నం పెట్టుమను" అనేవాడు. ఆమె పెట్టేది. ఏళ్ళు అట్లాగే గడిచాయి.

మొన్న దవాఖానలో నా చెయ్యి పట్టుకుంది. "నేను పోతే ముత్తైదువ సావని బొట్టు పెడ్తరు. గప్పుడు వద్దననీకి నాకు నోరుండదు. నువ్వనాలె." అంటానన్నాను.

నేను చేరేసరికే స్నానం చేయించి, పసుపు రాసి, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టేశారు. "ఆమె వద్దంది, తీసేయండి" అన్నాను. "నువ్వూకో, సచ్చినంక గూడ పట్టింపేంది?" అని మేనత్త కసిరింది. మళ్ళీ అన్నాను. ఏడుస్తూ అన్నాను. ఎవరూ వినలేదు.

అరుగు మీద తల వంచుకుని కూర్చున్న పెద్దనాన్న లేచి వచ్చాడు. భుజం మీది తువ్వాల కొసను చెంబులో ముంచి, ఆమె తల దగ్గర కూర్చుని నుదురు తుడిచాడు. పసుపు కూడా పోయేదాకా తుడిచాడు.

"నేను తిట్టినా కొట్టినా పెట్టుకోలె. గిప్పుడు లేవలేదని పెడ్తరా?" అన్నాడు మావాళ్ళతో. తర్వాత ఆమె ముఖంలోకి వంగి, "పో ఇగ" అన్నాడు. అన్నేళ్ళకు ఆమెతో నేరుగా అన్న మాట అదొక్కటే.

మందిరం వాళ్ళు వచ్చి శవపెట్టె ఎత్తారు. ఎన్నడూ ఆ వాడ తొక్కని మనిషి వాళ్ళ వెనకే నడిచి, వాగు అవతల గుంట అంచున నిలబడి పిడికెడు మట్టి వేశాడు. తడి తువ్వాల ఆయన భుజం మీదే ఉంది. దాని ఎరుపు మెల్లగా తెల్లచొక్కాలోకి దిగుతోంది.