అత్తా, దొరా, మసాలా అట్టూ

పెళ్ళయిన రెండో ఏడు మేం నెల్లిమర్లలో కాపురం పెట్టాం. మా బావ, అంటే నా మొగుడు, నాకు సొంత మేనత్త కొడుకు. అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. అరవైల చివరి రోజులవి. బట్టల పిచ్చి మా ఇద్దరికీ సమానంగా ఉండేది.

నాకు ఒకే ఒక్క నైలాను చీర ఉండేది. లేత నీలం మీద తెల్ల చుక్కలు. ఉతికి తీగ మీద వేసి, పొయ్యి మీద ఎసరు చూసి వచ్చేసరికి ఆరిపోయేది. ఇస్త్రీ అక్కర్లేదు. పిడికిట్లో పట్టుకుంటే చీర మొత్తం ఇమిడిపోయేది. దాన్ని కట్టుకుని, ఎత్తుమడమల చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్తే నా అంతటిది లేదనుకునేదాన్ని. ఇక బావకి గొట్టం ప్యాంటు. తొడుక్కోవాలంటే మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. విప్పాలంటే ఒక్కో కాలూ నేను పట్టుకుని లాగాలి. అది వేసుకున్నంతసేపూ ఆయన నేల మీద కూర్చోలేడు. అందుకని బడి నుంచి వచ్చి కాఫీ కూడా నిలబడే తాగేవాడు.

అలాంటి ఇంటికి మా అత్త వచ్చింది. వాళ్ళది కళింగపట్నం దగ్గర పల్లె. కంట్లో కండ పెరిగిందని, విజయనగరంలో చూపించుకోవడానికి, మావయ్యని పొలం పనులకి వదిలేసి వచ్చింది. వచ్చిన రోజే నా చీర చెంగుని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఇదేటే పిల్లా, ఉల్లితొక్కు కట్టుకున్నావేటి? ఇందులోంచి అవతలి ఈధి అగుపడతన్నాది."

తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, ఆ గొట్టాల్లో కాళ్ళెలగ దూర్సినావురా? ఎవులైనా ఓ తోపు తోస్తే లెగ్గలవేటి?"

విజయనగరంలో కండ కోసి తీసేశారు. నెల రోజులు ఎండ తగలకూడదని నల్లకళ్ళజోడు ఇచ్చారు. మొదట్లో అత్త దాన్ని ముట్టుకోవడానికే ఇష్టపడలేదు. రెండో రోజు, నేను పెరట్లో ఉన్నాననుకుని, కిటికీకి తగిలించిన బావ గడ్డం గీసుకునే అద్దంలో చూసుకుంది. అటు తిరిగి చూసుకుంది, ఇటు తిరిగి చూసుకుంది. ఆ తర్వాత ఇక తీస్తే ఒట్టు. పసుపు రాసుకున్న మొహం, రూపాయి కాసంత బొట్టు, ముతక నేతచీర, వాటి మధ్య నిగనిగలాడుతూ నల్లటి అద్దాలు. నూతి దగ్గరికి అవే, బజారుకి అవే. చీకటి వంటింట్లో కూడా అవే పెట్టుకుని పప్పులో రెండుసార్లు ఉప్పు వేసింది.

"అత్తా, నెలైపోయింది కదా, ఇంక తీసీకూడదా?" అన్నాను.

"నెల పెట్టుకోమన్నాడు గానీ, నెలయ్యాక తీసీమన్నాడేటి?" అంది. మా ఇంట్లో అందరికంటే పెద్ద షోకు ఎవరిదో నాకు అప్పుడు తెలిసింది.

ఆ నెలలోనే మా ఇంటికి కుక్క కూడా వచ్చింది. జనపనార మిల్లులో పనిచేసే కలకత్తా ఆఫీసరుగారి పిల్లలకి బావ ట్యూషను చెప్పేవాడు. ఆయనకి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ, "మాస్టారూ, మా కుక్కని మీరే ఉంచుకోవాలి" అన్నాడు. ఎవరేమడిగినా కాదనలేకపోవడం మా బావకి పుట్టుకతో వచ్చిన జబ్బు. సాయంత్రానికి తాడు పట్టుకుని తీసుకొచ్చేశాడు. గోధుమరంగు ఒళ్ళు, నేలకి రాసుకునేంత పొడుగు చెవులు, వాటికి ఏమాత్రం సరిపోని పొట్టి కాళ్ళు.

"కుక్కా ఇది? సెవులకి కాళ్ళు మొలిసినట్టున్నాది," అంది అత్త.

అసలు చిక్కు తర్వాత తెలిసింది. దానికి తెలుగు రాదు. రా అంటే రాదు, పో అంటే పోదు. బావ ఇంగ్లీషులో చెబితే మాత్రం టక్కున కూర్చునేది. అది చూసి అత్త దానికి దొర అని పేరు పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది గానీ, దొరగారు అన్నం తినడు. చారన్నం పెట్టాం, పెరుగన్నం పెట్టాం, ఎండుచేప కాల్చి కలిపాం. గిన్నె ముందు బుద్ధిగా కూర్చుని, చొంగ కార్చుకుంటూ మా మొహాల్లోకి చూస్తాడే తప్ప మూతి పెట్టడు. రెండు రోజులు అలాగే గడిచాయి. అత్త నల్లద్దాల కింద నుంచి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

మూడో రోజు బావ పరిగెత్తుకుంటూ వెళ్ళి, ఇంకా ఊళ్ళోనే ఉన్న ఆఫీసరుగారి వంటవాణ్ణి అడిగి వచ్చాడు.

"ప్లీజ్ అనాలటమ్మా. అంటేగానీ తినకూడదని అలవాటు చేసినారట."

"అంటే ఏటి?"

"దయచేసి అని."

అత్త లేచి నిలబడింది. "కుక్కకి నాను దయసేసి తినమని సెప్పాలా? మీ నాన్నకే ఎప్పుడూ సెప్పలేదురా నాను!"

నేను ప్లీజ్ అన్నాను. దొర నా వైపు చూడనైనా లేదు. బావ అన్నాడు. ఊహూఁ. రెండు రోజులుగా అన్నం కలిపి పెడుతున్న చెయ్యి అత్తది, అందుకని దాని చూపంతా అత్త మీదే. అత్త పెరట్లోకి వెళ్ళింది, వచ్చింది, గుమ్మంలో నిలబడింది. చివరికి ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, వంగి, దాని పొడుగు చెవిలో అంది.

"పిలీజు."

దొర గిన్నె ఖాళీ చేసేశాడు. ఆ రోజు నుంచి అత్త పిలీజు అంటేనే తిండి. మేం అంటే ముద్ద ముట్టడు.

అందువల్లే ఆఖరిసారి కన్ను చూపించుకోవడానికి విజయనగరం బయల్దేరినప్పుడు దొర కూడా మాతో బయల్దేరాడు. బస్సు కండక్టరు ఎక్కనివ్వలేదు. జట్కా మాట్లాడుకున్నాం. బావ గొట్టం ప్యాంటుతో కాళ్ళు ముడవలేక, రెండు కాళ్ళూ వెనక నుంచి బయటికి చాపి, దారిపొడుగునా ఎదురొచ్చే వాళ్ళకి బూట్లు చూపిస్తూ కూర్చున్నాడు. డాక్టరు కన్ను చూసి, అంతా నయమైపోయింది, అద్దాలు అక్కర్లేదు అన్నాడు. అత్త సరేనంది. ఆస్పత్రి మెట్లు దిగగానే మళ్ళీ పెట్టుకుంది.

"ఈపూట హోటల్లో తిందామమ్మా," అన్నాడు బావ.

అత్త అంతవరకూ హోటలు గడప తొక్కలేదు. ఎవరు వండారో, చేతులు కడుక్కున్నారో లేదో అని అనుమానం. కానీ ఎండ నడినెత్తికొచ్చింది, ఆకలి దహించేస్తోంది. బజారులో పాలరాతి బల్లలున్న పెద్ద హోటలు ముందు జట్కా ఆపాం. లోపలి నుంచి నేతి వాసన వస్తోంది. గుమ్మంలోనే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు.

"కుక్కని లోనికి రానివ్వం మాస్టారూ," అంటూనే అత్త నల్లద్దాలు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మకి... కళ్ళేటి?"

"అది... ఆపరేషను..." అని బావ నసిగాడు.

"అయ్యో పాపం! ఈ కుక్కే దారి సూపిస్తాదేటి? ఏదో ఇంగ్లీషు సినిమాలో సూసినాను."

నేను నోరు తెరిచేలోపు అత్త చెయ్యి గాలిలోకి లేచింది. రెండు నిమిషాల క్రితమే, అల్లంత దూరాన వెళ్తున్న ఎద్దు కొమ్ము విరిగి ఉందని నాకు చూపించిన మనిషి, గాలిని తడుముకుంటూ, ఒక చేత్తో దొర తాడూ ఇంకో చేత్తో నా భుజమూ పట్టుకుని, "మెట్టున్నాదేటే పిల్లా?" అని అడిగింది. అత్త అబద్ధమాడగా నేను చూడటం అదే మొదలు. మొదటిసారికి చాలా బాగా ఆడింది.

యజమాని మమ్మల్ని గుమ్మం పక్క బల్ల దగ్గరే కూర్చోబెట్టాడు. భుజాన తువ్వాలు వేసుకున్న సర్వరు వచ్చి, అత్త చెవి దగ్గర వంగి గట్టిగా అరిచాడు. "ఇడ్లీ! గారె! పూరీ! మసాలా అట్టు!"

"సెవులు బాగానే ఉన్నాయి బాబూ," అంది అత్త నెమ్మదిగా.

ముందు ఇడ్లీ వచ్చింది. సర్వరు అత్త చెయ్యి పట్టుకుని, ఇది చట్నీ, ఇది కారప్పొడి అని తాకించి చూపించాడు. అత్త కావాలనే బావ ప్లేట్లో చెయ్యి పెట్టింది. ఓసారి నా మొహం తడిమి, "ఎవులు, కోడలేనా?" అంది. పక్క బల్ల దగ్గరున్న పెద్దమనిషి జాలితో తల తిప్పుకున్నాడు. బావ సిగ్గుతో ప్లేట్లోకి వంగిపోయాడు. బల్ల కింద దొరకి ఒక ఇడ్లీ పెట్టి అత్త "పిలీజు" అంది. అది తనకే చెప్పిందనుకుని సర్వరు ఉక్కిరిబిక్కిరై, అడక్కుండానే ఇంకో గిన్నెడు చట్నీ తెచ్చాడు.

కానీ అత్తకి అసలు కష్టం అప్పుడే మొదలైంది. చూసిందల్లా పైకి అనేయడం ఆవిడ స్వభావం. గోడ మీద పటం వంకరగా వేలాడుతోంది. సర్వరు బల్ల తుడిచిన తువ్వాలుతోనే మొహమూ తుడుచుకున్నాడు. ఇలాంటివన్నీ కనబడుతున్నా కనబడనట్టు కూర్చోవాలి. ఒక్కొక్కటి చూసినప్పుడల్లా బల్ల కింద నా తొడ మీద గిల్లింది. నాలుగు గిల్లుళ్ళు లెక్కపెట్టాను.

అంతలో మసాలా అట్లు వచ్చాయి. ఎర్రగా కాలి, ప్లేటుకి రెండు వైపులా బయటికి వచ్చేంత పొడుగున్నాయి. వెనకే సర్వరు రెండు చేతుల్లో సాంబారు గిన్నెలు పట్టుకుని వచ్చాడు. కుడిచేతి బొటనవేలు మొదటి కణుపు దాకా సాంబారులో మునిగి ఉంది.

అత్త ఇక ఆగలేకపోయింది.

"ఒరే! ఏలు తియ్యరా సాంబార్లోంచి!"

తింటున్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. సర్వరు వేలు తీశాడు. తీసి, ఏం చెయ్యాలో తెలియక నోట్లో పెట్టుకున్నాడు. బావ గాభరాగా లేచాడు. ఆ లేవడంలో గొట్టం ప్యాంటు వెనక పర్రుమని చిరిగింది. ఆయన వెంటనే మళ్ళీ కూర్చుండిపోయాడు. యజమాని గల్లాపెట్టె వదిలి వచ్చి ఒకసారి సర్వరు వేలు వైపు, ఒకసారి అత్త అద్దాల వైపు చూశాడు.

"అమ్మా, మీకు కళ్ళు..."

అత్త అద్దాలు తీసేసింది. "బాగానే అగుపడతాయి బాబూ. కుక్కని బైట ఎండలో కట్టీడానికి మనసొప్పలేదు. నువ్వే అనుకున్నావు, నాను కాదన్లేదు. అబద్ధం నాది. ఏలు మాత్రం నీ హోటలుదే."

 యజమాని ముందుగా సర్వరుని చేతులు కడుక్కు రమ్మని తోలేశాడు. తర్వాత అత్త దగ్గరికి వచ్చి మర్యాదగానే అన్నాడు.

"తెలిసినాక కుక్కని లోన ఉంచితే నలుగురూ నన్నడుగుతారమ్మా. అలాగని తినకుండా ఎల్లిపోతే నాకు బాగోదు. జట్కాలో కూకోండి, అక్కడికి పంపుతాను."

బావ వెనక చిరుగు కనబడకుండా నేను ఆయన్ని అంటిపెట్టుకుని నడిచాను. అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు గానీ, అత్త ముందు నడుస్తుంటే ఎవరూ నవ్వలేదు. అట్లని యజమానే స్వయంగా తెచ్చాడు. ప్లేట్లని కింద నుంచి అరచేతుల మీద పెట్టుకుని, బొటనవేళ్ళు రెండూ ఆకాశం వైపు ఎత్తి మోసుకొచ్చాడు. అది చూసి అత్త కిలకిలా నవ్వింది. ఆయనా నవ్వాడు.

గుర్రం తోక విదిలించినప్పుడు జట్కా కదిలి, గిన్నెడు సాంబారూ నా నైలాను చీర మీద ఒలికింది. నాకు ఏడుపొచ్చింది. అత్త మంచినీళ్ళు పోసి చేత్తో ఒక్కసారి తుడిచింది. మరక జారిపోయింది.

"ఈ ఉల్లితొక్కుకి ఓ గుణమున్నాదే!" అని ఆశ్చర్యపోయింది.

తిరుగు దారిలో బావ కాళ్ళు హాయిగా ముడుచుకుని కూర్చున్నాడు. ప్యాంటు చిరగడం వల్ల జరిగిన మేలు అదొక్కటే. అత్త ఆలోచనంతా వేరే దాని మీద ఉంది. మిల్లు పొగగొట్టం కనబడుతుండగా నన్నడిగింది.

"దుంప కూర లోపలెట్టినా ఆ అట్టు మెత్తబడలేదు, సూసినావా? పిండిలో ఏటి కలుపుతారంటావు?"

నాకు తెలియదన్నాను. మర్నాడే అత్త మినప్పప్పు నానబోసింది. అక్కడి నుంచి రోజూ మా ఇంట్లో మసాలా అట్లే. మొదటిది రొట్టెలా వచ్చింది. రెండో రోజుది పెనానికి అతుక్కుపోయింది. మావయ్య ఊరి నుంచి కబురంపాడు, వరి ఊడుపులు మొదలవుతున్నాయి, రమ్మని. అట్టు కుదిరాక వస్తానని చెప్పి పంపింది అత్త. పదో రోజో పదకొండో రోజో, పల్చగా, ఎర్రగా, అంచులు పైకి లేచి, కరకరలాడుతూ ఒక అట్టు వచ్చింది. బావ తిన్నాడు. నేనూ అత్తా ఆయన మొహంలోకే చూస్తూ నిలబడ్డాం.

"అచ్చం హోటల్లోలాగే ఉన్నాదమ్మా," అన్నాడు సంతోషంగా.

అత్త చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"హోటల్లోలాగా? అంటే నాదీ ఆడిదీ ఒకటేనేటిరా?"

ఆ తర్వాత రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు.