ఆర్డరు చివర మావా

ఇంగ్లీషు తీరపు పల్లె టోల్స్‌బరీలో మగవాళ్లకి ఏడాదికి రెండు బతుకులు. చలికాలమంతా పాయల్లో అడుగుబురద మీద ఇనప వల ఈడ్చి ఆల్చిప్పలు తీస్తారు. ఎండలు మొదలవగానే చేతులు కడుక్కుని దొరల పందెపు పడవలెక్కుతారు. ఎక్కిన రోజున ఛాతీ మీద పడవ పేరు తెల్లటి ఉన్నితో కుట్టిన నీలం స్వెట్టరు ఇస్తారు. పందేలయ్యాక పడవ దొరది, స్వెట్టరు మనిషిది. అందుకని చలికాలంలో ఆ ఊరి వీధిన పోతుంటే మనుషుల మీద పడవల పేర్లు చదువుకుంటూ పోవచ్చు. ఎవడెవడో తెలియకపోయినా ఎవడు ఏ దొర ఉప్పు తిన్నాడో తెలిసిపోతుంది.

జెత్రో వేక్లింగ్ ఛాతీ మీద 'హెర్తా' అని ఉండేది. అది జర్మను పడవ.

హాంబర్గులో ఓడలున్న ఒక షావుకారు ఇంగ్లీషు దొరల్ని వాళ్ల నీళ్లలోనే ఓడించాలని ఆ పడవ కట్టించాడు. కట్టించాడు గాని, అంత తెరచాప పట్టగలిగే మనుషులు అతనికి తన దేశంలో దొరకలేదు. పడవ నడిపే సరంగు దగ్గర్నుంచి వంటవాడి దాకా టోల్స్‌బరీ నుంచే తీసుకుపోయాడు. జెత్రో పని తెరచాప కొయ్య మీద. మిగతావాళ్లు కిందనుంచి తాళ్లు లాగుతుంటే, అతను కొయ్య చివరికెక్కి చిక్కుపడ్డ గుడ్డ విడదీయాలి. కింద పడవ మేకపిల్లలా గెంతుతూ ఉంటుంది.

మొదటి వేసవిలోనే కౌస్ రేవు పందెంలో హెర్తా 'సెలీనా'ని ఓడించింది. సెలీనా ఇంగ్లీషు పడవ. దాని మీద పనిచేసేవాడు ఓబెడ్ లఫ్కిన్, జెత్రో భార్య హెస్టర్‌కి స్వయానా అన్న. ఆ చలికాలం బీరు దుకాణంలో జెత్రో అడుగుపెట్టేసరికి ఓబెడ్ తయారుగా ఉన్నాడు.

"రండి రండి, జర్మనీ అల్లుడుగారొచ్చారు. ఏం మావా, సొంత దేశాన్ని ఓడించినందుకు ఆ షావుకారు ఏం పెట్టాడేంటి, కోడికూరా?"

"ఏం పెట్టాడో గాని వేడివేడిగా పెట్టాడు మావా. ముందొచ్చినోడికి అదే కదా లాభం. నువ్వొచ్చేసరికి ఆరిపోయుంటది."

దుకాణమంతా నవ్వింది. ఓబెడ్ కూడా నవ్వి, తన గ్లాసు పక్కకి జరిపి చోటిచ్చాడు.

టోల్స్‌బరీ వాళ్లకి చివర 'మావా' పడందే మాట తెగదు. దానికి వరసలతో పనిలేదు. పాదిరికీ పడవ సరంగుకీ తప్ప మగాడన్న ప్రతివాడికీ అదే పిలుపు. ఎదురుపడ్డ తండ్రికీ అదే, తగువు పడినవాడికీ అదే.

హెర్తా గెలుస్తున్న కొద్దీ జర్మను పేపర్ల వాళ్లకి కంట్లో నలుసు పడింది. కప్పు మనది, చేతులు ఇంగ్లీషువాళ్లవి, ఇదేం గెలుపు అని రాశారు. షావుకారుకి ఆ మాట గుచ్చుకుంది. మూడో వేసవికి ఎల్బే నది లంక ఫింకెన్‌వెర్డర్ నుంచి నలుగురు జాలర్లని తెచ్చి, పని నేర్పమన్నాడు. అందులో హిన్‌రిక్ మేవెస్ అనే పొడుగాటివాణ్ని సరంగు జెత్రోకి అప్పగించాడు.

వాడు పిల్లిలా ఎక్కేవాడు. ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క రాదు. పడవ మీద ఆర్డర్లన్నీ ఇంగ్లీషే. జెత్రో ఒక్కొక్క తాడూ ముట్టుకుని పేరు చెప్పడం, హిన్‌రిక్ అప్పజెప్పడం. పడవ తిప్పేటప్పుడు 'లీ ఓ' అనాలని, తాడు వదిలేటప్పుడు ఇలా అనాలని, బిగించేటప్పుడు అలా అనాలని. వారం తిరిగేసరికి పైనుంచి హిన్‌రిక్ గొంతు ఖంగుమంది.

"తాడు పట్టింది, మావా!"

కింద చుక్కాని దగ్గర తెల్లగడ్డం సరంగు తలెత్తాడు. ఆదివారం గుళ్లో ముందు బల్ల మీద కూర్చునే మనిషి.

"ఎవడ్రా నీకు మావ?"

హిన్‌రిక్ బిక్కమొహం వేసి, పాఠం తప్పు చెప్పాననుకుని, ఇంకా గట్టిగా, ఇంకా స్పష్టంగా చెప్పాడు. "తాడు పట్టింది, మావా!"

జెత్రో నవ్వు ఆపుకోలేక కొయ్యని రెండు చేతులా కావలించుకున్నాడు. ప్రతి ఆర్డరు చివరా తాను అలవాటుగా అనే మాటని వాడు ఆర్డరులో భాగమనుకున్నాడు. మిగతా ముగ్గురికీ అలాగే నేర్పేశాడు కూడా. ఆ సాయంత్రం హిన్‌రిక్ చేతులు తిప్పుతూ అడిగాడు.

"మావా, ఏం? దేనికి?"

"ఏం చెప్పేది నీకు? తాడు చివర ముడి వేస్తాం చూడు. అది లేకపోతే తాడు జారిపోద్ది. అదీ అంతే మావా."

హిన్‌రిక్ ఆలోచించి తలూపాడు. ముడి. అది అర్థమైంది. సరంగు కూడా ఇక దిద్దలేక వదిలేశాడు.

ప్రతి వేసవీ హిన్‌రిక్ తన ఊరి నుంచి పొగబెట్టిన మలుగు చేప గుడ్డలో చుట్టి తెచ్చేవాడు. గాలి పడిపోయిన మధ్యాహ్నాలు ఇద్దరూ పైన అడ్డకొయ్య మీద కాళ్లు వేలాడేసి కూర్చుని, వేళ్లతో తోలు ఒలుచుకుంటూ తినేవాళ్లు. హిన్‌రిక్ తూర్పుకి చెయ్యి చాపి, "అటు మా అమ్మ" అనేవాడు. జెత్రో పడమటికి చాపి, "ఇటు హెస్టర్" అనేవాడు. ఆ పైన మాట్లాడ్డానికి ఇద్దరికీ కలిసిన మాటలు తక్కువ. జెత్రోకి అంత సుఖంగా మరెవరి పక్కనా కూర్చున్నట్టు లేదు. ఇంటికొచ్చాక ఆ చేప రుచి హెస్టర్‌కి చెప్పబోయి, "ఉప్పగా ఉంటదిలే" అని ఊరుకునేవాడు.

ఏటా కొందరు ఇంగ్లీషువాళ్లు దిగారు, కొందరు జర్మనులు ఎక్కారు. చివరికి సరంగు కూడా జర్మనువాడే వచ్చాడు. ఇక ఆర్డర్లు ఇంగ్లీషులో వినపడకూడదని షావుకారు చెప్పాడు. 'లీ ఓ' పోయి జర్మను మాట 'రే' వచ్చింది. కొత్త ఆర్డరుతో మొదటిసారి పడవ తిప్పినప్పుడు షావుకారు తెల్లటోపీ పెట్టుకుని డెక్ మీదే ఉన్నాడు. ముందు నుంచి వెనక దాకా గొంతులన్నీ ఒక్కసారి లేచాయి.

"రే, మావా!"

"ఆ రెండో మాటేమిటి?" అన్నాడు షావుకారు.

కొత్త సరంగుకి పని నేర్పింది హిన్‌రికే. "పని మాటండి. అది లేకపోతే పడవ తిరగదు" అన్నాడా సరంగు.

మరుసటి చలికాలం చివర జెత్రో పిలుపు కోసం చూశాడు. రాలేదు. పడవ మీద ఆఖరి ఇంగ్లీషువాడు అతనే. "జర్మనీ అత్తారు గెంటేశారా మావా?" అని ఓబెడ్ ఎగతాళి చేస్తూనే, తానే పోయి సెలీనా సరంగుతో మాట్లాడి జెత్రోకి పనిప్పించాడు. కొత్త స్వెట్టరిచ్చారు. పని అదే, కొయ్య అంతే ఎత్తు. అయినా పైకెక్కినప్పుడల్లా పక్కన ఇంకొకడికి చోటు వదిలి కూర్చునేవాడు.

ఆ ఏడు కౌస్ పందెంలో సెలీనా, హెర్తా ఎదురెదురుగా వచ్చి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా దాటాయి. హెర్తా కొయ్య మీంచి ఒక పొడుగాటి మనిషి ఒంటిచేత్తో వేలాడుతూ కేక వేశాడు.

"వచ్చే ఏడు, మావా! మలుగు చేప! పెద్దది!"

"వచ్చే ఏడు!" అని జెత్రో అరిచిన అరుపుని గాలి ఎగరేసుకుపోయింది. హిన్‌రిక్‌కి వినపడిందో లేదో.

వచ్చే ఏడు జర్మనీతో యుద్ధం వచ్చింది. పందేలు ఆగిపోయాయి. కౌస్‌కి బయల్దేరిన హెర్తా సగం దారిలో వెనక్కి తిరిగిందన్నారు. జెత్రో ఇంటికొచ్చేసరికి హెస్టర్ కిటికీ దగ్గర కూర్చుని, కత్తెర మొనతో పాత స్వెట్టరు మీది తెల్లక్షరాలు ఊడదీస్తోంది.

"నన్ను అడగొద్దా?"

"అడిగితే ఒద్దంటావు. పక్కింటామె నిన్న దీన్ని తీగ మీద చూసి మొహం తిప్పుకుంది."

దారం మొత్తం వచ్చేసింది. పేరు మాత్రం పోలేదు. ఎండకీ ఉప్పుకీ స్వెట్టరంతా వెలిసిపోయింది గాని, దారం కింది ఉన్ని కొత్తలో ఉన్న నీలంగానే మిగిలింది. వెలుతుర్లోకి పెడితే చక్కగా చదవొచ్చు. యుద్ధమున్నన్నాళ్లూ జెత్రో దాన్ని తిరగేసి తొడుక్కున్నాడు.

ఓబెడ్ కొడుకు విల్ఫ్రెడ్ జర్మనులు సముద్రంలో వేసిన మందుపాతరలు ఏరే పడవ మీదికి పోయి, ఒకటి పేలి తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక గుడి పక్కన రాయి నిలబెట్టి పోయినవాళ్ల పేర్లు చెక్కారు. ఓబెడ్ ఆ రాయి ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి వచ్చేవాడు. ఇక హిన్‌రిక్ ఉన్నాడా పోయాడా అని జెత్రో ఎవర్ని అడగగలడు? ఏ నోటితో అడగగలడు? పాయలో వల ఈడుస్తూ, తూర్పు గాలి మొహానికి తగిలినప్పుడు, లోపల్లోపల తనని తానే అడిగేవాడు అంతే.

యుద్ధం ముగిసిన మూడో ఏడు చలికాలం మొదట్లో జెత్రో, ఓబెడ్ చిన్న చేపలు అమ్మడానికి బ్రైట్‌లింగ్‌సీ రేవుకి పోయారు. మధ్యాహ్నానికి గాలివాన ముదిరింది. దెబ్బతిన్న తెరచాపతో ఒక జాలరి పడవ లోపలికొచ్చింది. ముక్కు మీద జర్మను అక్షరాలు. రేవులో అప్పటికి ఇరవై మంది ఉంటారు. పడవ మీంచి తాడు విసిరారు. ఎవరూ పట్టుకోలేదు. అది రాతి అంచు మీంచి జారి నీళ్లలో పడింది. వాళ్లు లాక్కుని మళ్లీ విసిరారు. మళ్లీ జారింది. పడవ గోడకేసి కొట్టుకునేలా ఉంది.

పడవ మీద బొంగురు గొంతు పెద్దాయన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. అరిచింది జర్మను. చివరి మాట కాదు.

"కట్టండి, మావా!"

రేవులో ఎవడో నవ్వబోయి ఆగిపోయాడు. జెత్రో ముందుకెళ్లి మూడోసారి వచ్చిన తాడు పట్టుకుని గుంజకి చుట్టాడు. ముడి వేసి వెనక్కి తిరిగితే ఓబెడ్ చూస్తున్నాడు. పైపు దులిపి, అటు తిరిగి నిలబడ్డాడు.

పెద్దాయన పేరు యాకోబ్ క్యూల్పర్. యుద్ధానికి ముందు ఇంగ్లీషు రేవు గ్రిమ్స్‌బీలో చేపలమ్మినవాడు, ఇంగ్లీషు కొంచెం వచ్చు. ఫింకెన్‌వెర్డర్ వాడే. జెత్రో ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

"హిన్‌రిక్ మేవెస్ అని... తెలుసా?"

"ఏ హిన్‌రిక్ మేవెస్?"

"హెర్తా మీద పనిచేసినోడు."

"మావాళ్లు హెర్తా మీద చాలా మంది. హిన్‌రిక్ మేవెస్‌లే ముగ్గురు. అన్నదమ్ముల పిల్లలు."

"పొడుగ్గా ఉంటాడు."

"ముగ్గురూ పొడుగే."

"అందరికంటే ముందు పోయినోడు. మొదటి నలుగురిలో ఒకడు."

"ఎవడు ముందో నాకేం తెలుసు? అప్పుడు నేను ఐస్‌లాండ్ వైపు చేపల్లో ఉన్నాను."

జెత్రో వెతుక్కున్నాడు. ఇంకేం గుర్తు చెప్పాలి? దొరికింది.

"ఆర్డరు చివర మావా అంటాడు."

క్యూల్పర్ వింతగా చూశాడు. "అందరం అంటాం. మా ఊళ్లో వల లాగినా అదే, ఇల్లు కప్పినా అదే. పని మాట కదా అది?"

జెత్రో తల దించుకున్నాడు. తన మనిషిని పట్టి ఇచ్చే ఒక్క గుర్తూ ఊరందరిదీ అయి కూర్చుంది.

"ముగ్గురూ... ఉన్నారా?"

"ఒకడు పెద్ద సముద్ర యుద్ధంలో పోయాడు. ఒకడు జలాంతర్గామిలో. ఒకడున్నాడు. ఊపిరి బాగోదు, సముద్రం మీదికి రాడు. ఇంట్లో వలలు అల్లుకుంటాడు. నీవాడెవడు?"

గాలికి పడవ కొయ్య మూలిగింది. జెత్రో పైకోటు విప్పి గుంజ మీద పెట్టాడు. తర్వాత పాత హెర్తా స్వెట్టరు తల మీంచి లాగి, తిరగేసి, పేరు పైకి వచ్చేలా మడిచాడు.

"ఆ ఉన్నోడికియ్యి. నావాడైతే చదువుకుంటాడు. కాకపోతే తొడుక్కుంటాడు. ఊపిరి బాగోదంటున్నావుగా."

"ఎవరిచ్చారని చెప్పను?"

జెత్రో స్వెట్టరు అతని చేతిలో పెట్టి, "మావా ఇచ్చాడని చెప్పు" అన్నాడు.

"చలికి చస్తావు" అన్నాడు వెనక నుంచి ఓబెడ్. అటు చూస్తూనే, "కోటన్నా తొడుక్కో మావా" అన్నాడు.

తెల్లారి గాలి తగ్గాక జర్మను పడవ బయల్దేరింది. జెత్రో తాడు విప్పి విసిరాడు. పాయ మలుపు దగ్గర క్యూల్పర్ చుక్కాని తిప్పుతూ వేసిన కేక నీళ్ల మీద జారుకుంటూ వచ్చింది. "రే, మావా!" కోటు జేబుల్లో ఉన్న జెత్రో చేతులు అక్కడ లేని తాడు కోసం బిగుసుకున్నాయి.

హెస్టర్ సంగతంతా వింది. మర్నాడు నీలం ఉన్ని కొనుక్కొచ్చింది.

"లే, నిలబడు. కొలత చూసుకోడానికి పాతది లేకుండా చేశావు."

జెత్రో కిటికీకి ఎదురుగా నిలబడ్డాడు. ఆమె దారం తీసుకుని వీపు మీద కొలుస్తోంది.

"కదలకు. అటేం చూస్తున్నావు?"

"గాలి తూర్పుకి తిరిగింది."

తూర్పు గాలికే జర్మను పడవలు ఇటొస్తాయి. ఆ సంగతి హెస్టర్‌కీ తెలుసు.

"తిరిగిందిలే. చెయ్యెత్తు" అంది.