హంసల కొట్టు మీద ఇంటూ గుర్తు

నాలుగేళ్ల క్రితం, వానలు ఇంకా సరిగా పట్టని ఆషాఢంలో, నన్ను తాడేపల్లిగూడెంలోని ఒక పాత మేడకు సైట్ ఇంజనీరుగా వేశారు. పాత కట్టడాల మరమ్మతులు చేసే చిన్న సంస్థ మాది. సీనియర్ ఇంజనీరుగారు వారానికొకసారి వచ్చి చూసేవారు. మిగిలిన ఆరు రోజులూ గోడ బాధ్యత నాదే. భీమడోలులో పొద్దున్నే రైలెక్కితే కూలీలు వచ్చేసరికి పనిలో ఉండేదాన్ని.

ముప్పై ఒకటో ఏట రిటైరయ్యానంటే ఎవరైనా నవ్వుతారు. పాప కడుపున పడ్డాక సున్నపు దుమ్ము మంచిది కాదని మానేశాను. ఇప్పుడు దానికి రెండున్నరేళ్లు. జలుబు చేస్తే చాలు పిల్లికూతలు వస్తాయి. అది నిద్రపోయాక, ఊపిరి ఒకసారి విని వచ్చి ఇది రాస్తున్నాను.

ఆ మేడ కింద ఉల్లిపాయల టోకు కొట్టు. రెండింటికీ యజమాని వెంకటరత్నంగారు. వాకిలి పైన గోడలోంచి అడుగు మేర ముందుకు పొంగిన రెండు సున్నపు హంసలుండేవి. బస్తాల మీద వాళ్లు వేసే ముద్ర కూడా హంసే. లారీ డ్రైవర్లకు యజమాని పేరు తెలియదు, హంసల కొట్టంటే చాలు. అందుకే ఆయన మొదటిరోజే తేల్చి చెప్పారు: "ఏవండీ, ఆ రెండు పిట్టల కోసమే ఈ సున్నం పనికి ఒప్పుకున్నానండి. అవి పోయాయంటే మిగతాదంతా చెక్కేసి సిమెంటు కొట్టించేస్తాను. పైన టైల్స్ వేయించేస్తాను, శుభ్రంగా."

సున్నం గోడ మరమ్మతులో మొదటి మెట్టు చప్పుడు వినడం. చిన్న కొయ్య సుత్తితో జానెడుకొక చోట తడతాం. పూత గోడను పట్టుకుని ఉంటే టక్కుమంటుంది, గోడను వదిలేసి ఉంటే డొల్లగా మోగుతుంది. డొల్ల ఉన్నచోట సుద్దతో ఇంటూ గుర్తు పెడతాం. గుర్తు పెట్టే అధికారం సైట్ ఇంజనీరుది. గుర్తున్నంత వరకూ చెక్కడం కూలీల పని. గుర్తు లేని చోట ఉలి ఆనించకూడదు, ఉన్నచోట వదలకూడదు.

మా మేస్త్రి ఖాదర్‌గారిది ఏలూరు. అరవై దాటినా తాపీ వణికేది కాదు. ఆయన కొల్లేటి గుల్లలు కాల్చిన సున్నం తేవడానికి లంక ఊళ్ల వైపు వెళ్లిన రెండు రోజుల్లో నేను మేడ ముఖభాగమంతా తట్టి ముగించాను. హంసలు రెండూ డొల్లగా మోగాయి. మూడుసార్లు తట్టాను, మూడుసార్లూ అదే చప్పుడు. మనసొప్పలేదు, అయినా రెండింటి మీదా ఇంటూ పెట్టాను. రోడ్డు మీద జనం తిరుగుతారు, ఊడిపడితే ఎవరు జవాబు చెప్పాలి? యజమానికి ఎలా చెప్పాలో మర్నాడు సీనియర్‌గారిని అడుగుదామనుకున్నాను. అప్పటిదాకా ఉలి ఆనించవద్దని కూలీలకు చెప్పడం మరిచాను.

మర్నాడు నేను కింద ఇసుక జల్లింపు చూస్తుండగా పైనుంచి పెళ్లలు పడ్డాయి. అప్పుడే సున్నం ఆటో దిగిన మేస్త్రిగారు తలెత్తి ఒక్క కేక పెట్టారు: "ఆపండెహె!"

సరుగుడు కర్రల పరంజా మీద ఆయన వెనకే ఎక్కాను. ఎడమ హంస రెక్క సగం పోయింది.

"ఎవరండీ దీనికి ఇంటూ పెట్టింది?"

"నేనేనండి. డొల్లగా ఉంది."

"డొల్లగానే ఉంటాదమ్మా. మద్దెల కూడా డొల్లే, పగలగొట్టేస్తామా?" అంటూ నా వేళ్లు పట్టుకుని రెక్క ఊడిన సందులో పెట్టారు. చల్లగా, గుండ్రంగా తగిలింది. కుండ.

అంత మందాన సున్నం గట్టిగా నింపితే లోపల ఆరదు, బరువుకి పగులుతుంది. అందుకని పాతవాళ్లు గోడలో కుండ బిగించి, కొబ్బరిపీచు తాడు చుట్టి, దానిమీద పలుచగా పూతలు వేసి బొమ్మ తీర్చేవారట. కాలేజీలో మాకిది ఎవరూ చెప్పలేదు. మేస్త్రిగారిని ఎవరూ చెప్పమని అడగలేదు.

వెంకటరత్నంగారికి నేనే వెళ్లి చెప్పాను. తప్పు కూలీలది కాదు, గుర్తు నాదన్నాను. ఆయన నావైపు చూడకుండా, నా వెనకే వచ్చిన మేస్త్రిగారి వైపు తిరిగారు.

"ఏం మేస్త్రిగారూ, పిట్ట నిలబడతాదా?"

"తొమ్మిది రోజులివ్వండి బాబూ. మీరే వచ్చి కొత్తదేదో పాతదేదో చెప్పండి."

"అయితే తొమ్మిదే. పదో రోజు సిమెంటు దిగుతాది."

ఆ తొమ్మిది రోజుల్లో చేసినంత ఇష్టంగా నేను మళ్లీ ఏ పనీ చేయలేదు. రోజుకొక పూత, గోరు మందం. పూత పచ్చిగా ఉండగా ఎండా గాలీ తగిలితే వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. కొట్లోని ఖాళీ ఉల్లి గోనెలు తడిపి కప్పేవాళ్లం. గంటగంటకీ నీళ్లు చిలకరించడం నా పని. నాలుగో రోజు పడమటి గాలి రేగి ఒక పూత బీటలిచ్చింది. మేస్త్రిగారు దాన్ని గీకేసి, పోయిన రోజు పూడ్చడానికి మర్నాడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేశారు. చివరి పూత గుల్ల సున్నం వెన్నలా నూరి వేసింది. గులకరాయితో రుద్దుతుంటే రాయి కింద మెరుపు నెమ్మదిగా పైకి తేలేది. ఆ తడి సున్నం వాసన కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఆ వాసనకే పాపకు దగ్గు వస్తుందేమోనని భయమూ వేస్తుంది.

పదో రోజు పొద్దున వెంకటరత్నంగారు రోడ్డు అవతల నిలబడి చాలాసేపు చూశారు. కుడి హంసను చూపించి, "కొత్తది ఇదేనా?" అన్నారు. మేస్త్రిగారు పెద్దగా నవ్వారు. సిమెంటు దిగలేదు. ముఖభాగమంతా సున్నంతోనే పూర్తయింది.

మొన్న మేస్త్రిగారు ఫోన్ చేశారు. ఏలూరులో ఇంకో పాత మేడ ఉందట, కొత్త ఇంజనీరు కుర్రాడు చకచకా ఇంటూలు పెట్టేస్తున్నాడట. "మీరెప్పుడొస్తారండీ?" అన్నారు. పాప బడికి వెళ్లడం మొదలుపెట్టాక వస్తానన్నాను. తన చెయ్యి ఇంకా తిన్నగా ఉండగానే రమ్మన్నారు.

ఆ కుర్రాడికి చెప్పమని నేను ఆయనకు చెప్పింది ఇదే. గోడ డొల్లగా ఉందని మాత్రమే సుత్తి చెబుతుంది, ఎందుకు డొల్లగా ఉందో చెప్పదు. ఆ కారణం తెలిసిన మనిషి పరంజా ఎక్కి పక్కన నిలబడేదాకా సుద్దముక్క జేబులోనే ఉండాలి.