ఆమెన్‌కి వెలిగిన టీవీ

మొన్న కారులో కొత్త టచ్‌స్క్రీన్ పెట్టించాను. ఆ కొత్త ప్లాస్టిక్ వాసనకి, దుగ్గిరాలలో మా ఇంటికి కలర్ టీవీ వచ్చిన ఆదివారం గుర్తొచ్చింది.

పాస్టరుగారు ప్రార్థన చేస్తేగాని టీవీ పెట్టకూడదని నాయనమ్మ ఆజ్ఞ. అవతల క్రికెట్ ఫైనల్ మొదలైపోయింది. ఆయన వచ్చేసరికి కరెంటు పోయింది. ఎందుకైనా మంచిదని నేను స్విచ్ వేసి ఉంచాను. ఆయన మా కుటుంబంతో మొదలుపెట్టి, వానల మీదుగా, పసుపు ధర దాకా నింపాదిగా ప్రార్థించారు. నా ప్రార్థన చిన్నది: ఈయన త్వరగా ముగించాలి ప్రభువా. చివరికి అందరం "ఆమెన్" అన్నాం. టీవీ ఒక్కసారిగా మోగింది.

ఆ మాటకే కరెంటు వచ్చిందని తేల్చుకున్నాను. మర్నాడు కరెంటు పోతే, టీవీ ముందు నిలబడి గొంతు పోయేలా ఆమెన్ అని అరిచాను.

"ముందు ప్రార్థన చెయ్యాలిరా అబ్బాయ్! ఉత్త ఆమెన్‌కి కరెంటిస్తారా ఎవరైనా?" అంది నాయనమ్మ.

కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో తర్వాత కాలేజీలో చదువుకున్నాను. అయినా నిన్న రేపల్లె రోడ్డులో కారు స్క్రీన్ ఆగిపోతే, దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి, అందులో గుండ్రటి గుర్తు గిర్రున తిరుగుతుంటే చూస్తూ, నాకు తెలియకుండానే "ఆమెన్" అన్నాను. వెంటనే వెలిగింది.

వెనక సీట్లోంచి మా అమ్మాయి అడిగింది: "నాన్నా, దానికి ఆ మాట ఎప్పుడు నేర్పావు?"