ఆమె తాగిన నా చాయ్

పోయిన ఎండాకాలం మాట. మేడ్చల్ బస్టాండ్ల నిలవడ్డ. శామీర్‌పేట బస్సు వస్తలేదు, నా కాళ్ళు ఒక్క దగ్గర ఆగుతలేవు. ఆర్నెల్ల సంది ఐరన్ గోలీలు మింగుతున్న, అయినా ఒంట్ల రక్తం పెరుగుతలేదు. ఇట్లనే ఉంటే రక్తం ఎక్కియ్యాల్సొస్తదని డాక్టరమ్మ అన్నది. గా పరేషాన్ల ఎప్పటిలెక్కనే గోలీ మింగి, వేడి చాయ్ మూతి కాడికి తెచ్చిన.

పక్కన ఒకామె నిలవడి నా చేతుల గోలీల పట్టీ దిక్కే చూస్తున్నది. డ్యూటీల పెట్టుకున్న టోపీ రబ్బరు గీత నుదుటి మీద ఇంకా పోలేదు. ఆమె నా చేతులకెళ్ళి కప్పు గుంజుకుని తనే తాగేసింది!

"ఏందమ్మా గిది?" అని గయ్యిమన్న.

"గోలీల కంపెనీల పనిజేస్త అక్కా. గోలీ జల్దీ కరుగుతదా లేదా అని గాజు గిన్నెల నీళ్ళల్ల ఏసి చూసుడే నా పని. గిన్నెల మస్తు కరుగుతది. కానీ గా గిన్నె చాయ్ తాగదు గదా! మీదికెళ్ళి చాయ్ తాగితే గోలీల ఇనుము ఒంటికి సరిగ పట్టదు. రెండు గంటలు ఆగు."

అంతల ఆమె బస్సొచ్చింది. ఖాళీ కప్పు నా చేతుల వెట్టి ఎక్కిపోయింది.

ఇప్పుడు రోజూ గోలీ మింగి, గడియారం దిక్కు చూసుకుంట ఇల్లంత తిరుగుతున్న. రక్తమైతే పెరిగింది. ఆగుడే ఇంకా అలవాటు కాలే.