మంచు బొమ్మకి వదిన గొంతు

మొన్న తెనాలిలో మా మనవరాలు సెల్‌ఫోన్లో క్రిస్మస్ బొమ్మల సినిమా ఏదో పెట్టుకుని, ఇంగ్లీషు అర్థం కాక విసుగొచ్చి, ఫోను నా ఒళ్లో పడేసింది. "నువ్వు చెప్పు అమ్మమ్మా" అంది. తెరమీద మంచు పడుతోంది. సరే, మొదలుపెట్టాను. నాలుగు మాటలైనా కాలేదు, పిల్ల నా మొహంలోకి వింతగా చూసింది. "అదేంటి, ఇది నీ గొంతు కాదుగా!"

రేపల్లెలో మా మేనత్త బడిపంతులమ్మ. ఎనభైల్లో ఆ వీధి మొత్తానికి ఒకటే టీవీ, అదీ ఆవిడదే. దానికి చెక్క తలుపులు, తాళం, పైన పూలు కుట్టిన గుడ్డ. ఇంటల్లుడికి కూడా అంత మర్యాద జరిగేది కాదు. పండగ ముందురోజే మేం బాపట్లలో బయల్దేరి, తెనాలిలో రైలు మారి అక్కడికి చేరేవాళ్లం. క్రిస్మస్ నాడు ఏసయ్య గుడి నుంచి వచ్చి భోజనాలయ్యాక అత్త తాళం తీసేది. ఏటా అదే బొమ్మల సినిమా: మంచులో దారి తప్పిన ఒక పిల్ల ఇల్లు వెతుక్కుంటూ రావడం. అత్త కూతురు నాకంటే ఏడాది పెద్దది కాబట్టి తొమ్మిదేళ్లకే నాకు వదిన అయిపోయింది. ఇంగ్లీషు ముక్క రాదు గానీ, టీవీ గొంతు నొక్కేసి మాటలన్నీ తనే చెప్పేది. మంచు చూసి, "ఎంత పత్తి పండిందో చూడవే, ఏరేవాళ్లే లేరు పాపం!" అనేది. జింకలు బండి లాగుతుంటే, "ఎడ్లు దొరకలేదు కామోసు" అనేది. ఇంగ్లీషు వచ్చిన అత్త కూడా దీని తెలుగే వినేది, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతూ.

చివర్లో పిల్ల తలుపు దగ్గర అనే మాట మాత్రం ఏటా కొత్తది కల్పించేది. తనకి తొమ్మిదేళ్లున్న ఆ ఏడు సరిగ్గా పిల్ల ఇంటి ముందుకొచ్చి తలుపు కొట్టబోయేసరికి కరెంటు పోయింది. "ఆ పిల్ల ఏమందో వచ్చే పండక్కి చెబుతాలే" అంది వదిన. వేసవిలో వదినకి జ్వరమొచ్చింది. నాలుగో రోజుకి మనిషి లేదు.

మళ్లీ పండగొచ్చింది. అత్త టీవీ తాళం తీసింది. అందరం బిక్కచచ్చి కూర్చున్నాం. చప్పుడు తగ్గించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నువ్వు చెప్పవే అమ్మడూ. అది చెప్పినట్టే చెప్పు" అంది. పత్తి అన్నాను, ఎడ్లు అన్నాను. అత్త నవ్వలేదు. పిల్ల ఇంటి ముందుకొచ్చింది. అక్కడ ఏమనాలో వదిన నాకు చెప్పలేదు, నేనూ ఏం అనుకోలేదు. నా నోట్లోంచి వదిన గొంతే వచ్చింది: "అమ్మా, తలుపు తియ్యవే. నేనే."

అత్త లేచి వెళ్లి వీధి తలుపు తీసింది. అక్కడే నిలబడింది. సినిమా అయిపోయినా లోపలికి రాలేదు.

ఆ తర్వాత ఏటా అదే వరస. ఏటా నేను చెప్పడం, ఏటా ఆవిడ లేచి తలుపు తీయడం. నేను పెరిగాను, ఓణీ వేసుకున్నాను, ఆ గొంతు మాత్రం పెరగలేదు. అదే నాకు భయం. పధ్నాలుగో ఏట ఇక నా వల్ల కాక, "వదిన గొంతు గుర్తు లేదత్తా" అని అబద్ధమాడేశాను. అత్త "పోనీలేమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావు" అని టీవీ తలుపులు మూసి తాళం వేసింది. పండగనాడు మళ్లీ అది తెరవలేదు. ఆ తర్వాత నాలుగేళ్లకి ఆవిడ పోయేదాకా క్రిస్మస్ మధ్యాహ్నం వీధి తలుపు మాత్రం గడియ వేయనిచ్చేది కాదట. ఇంకొక్క నాలుగేళ్లు ఆ నాలుగు ముక్కలూ చెప్పి ఉంటే నా సొమ్మేం పోయేది? ఈ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

"చెప్పు అమ్మమ్మా, తర్వాత?" అంది మనవరాలు. నేను లేచి వెళ్లి వీధి తలుపు తీశాను. గుర్తు లేదన్న నా అబద్ధానికి ముప్ఫై ఏళ్లు దాటాయి. వదిన గొంతుకి ఇంకా తొమ్మిదేళ్లే.