అవ్వ ఆకుకు మానని పుండు

విరుదునగర్‌లో మా కాలేజీ ల్యాబులో ఇవాళ పొద్దున నా దగ్గర చదివే పిల్లలు రోట్లో కుప్పింటాకు నూరుతుంటే, ఆ పచ్చి ఘాటుకు కళ్లు చెమర్చి, ఎదురుగా ఉన్న, క్రిముల్ని పెంచే గాజు పళ్లేలు మసకబారి, నాగలాపురంలో మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, కూర్చునే పంచ కళ్లముందు కదిలింది.

దీపావళి వచ్చే అయిప్పసి నెల వానలకు నల్లరేగడి నాని బెల్లంపాకంలా పాదాలకు అంటుకునేది; ఆ బురదలోనే గంతులేసి, సజ్జంబలి తాగి, తాయిల్పట్టి నుంచి చిన్నాన్న తెచ్చిన దీపావళి మతాబులను ఎండలో ఆరబెట్టి కాపలా కాసే ఆ రోజుల్లో ఊళ్లో ఏ పిల్ల కాలు చూసినా పుండే. తెల్లవారేసరికి తల్లులు బిడ్డల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు. అవ్వ వేన్నీళ్లతో పుండు కడిగి, గట్టు మీద కోసుకొచ్చిన కుప్పింటాకును పసుపూ ఉప్పూ వేసి నూరి పూసి, మెల్లగా ఊదేది. ఆ ఊదుడుకే సగం నొప్పి పోయినట్టుండేది.

ఆ ఏడు మా చెల్లి రాజి మోకాలి కింద లేచిన పుండు మూడు రోజులు ఆకు పూసినా మానలేదు. నాలుగో రోజు కాలు వాచి, ఒళ్లు కాలిపోయి, పిల్ల మాట తడబడసాగింది. తన అత్త చేతి ఆకు ఎన్నడూ తప్పలేదని, ఇంకో రోజు చూద్దామని అమ్మ అంటోంది. పంచ నిండా జనం. అవ్వ వాపును వేలితో తడిమి, లేచి చేతులు కడుక్కుంది.

"నా ఆకు దీనికి చాలదుమ్మా," అంది, అందరూ వింటుండగానే. "సీగ్రం బిడ్డను ఎత్తుకో. కోయిల్పట్టి ఆసుపత్రికి పోదాం."

అవ్వ ఓడిపోయిందని నాకు ఏడుపొచ్చింది. వారం రోజులు సూదులు పడ్డాక చెల్లి లేచి కూర్చుని ఇడ్లీ అడిగింది. తర్వాత మా ఇంటికి వచ్చే తల్లులు సగమయ్యారు. అవ్వ ఏమీ అనుకోలేదు; మానేవాటికి పూసింది, మానవు అనిపించిన పుళ్లతో వచ్చినవాళ్లను బస్సెక్కించింది.

మధ్యాహ్నం, నిన్న ఇదే ఆకురసం వేసి పెట్టిన పళ్లేలు తీశాం. ఒకదానిలో ఆకురసం చుట్టూ క్రిములు సన్నని వలయంగా చెరిగిపోయాయి. రెండోదానిలో, పుళ్లలో దొరికే ఇంకో రకం క్రిమి మాత్రం రసాన్ని లెక్కచేయకుండా దట్టంగా పెరిగింది. రెండోది రాయకుండా వదిలేద్దామా అని నా విద్యార్థిని చిన్నబోయి తమిళంలో అడిగింది. వద్దని, పుస్తకం తీసుకుని "పనిచేయలేదు" అని నేనే రాశాను.

ఈ సంగతి అవ్వకు చెప్పుకోవాలనిపించింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నాగలాపురం గట్లన్నీ కలుపుమందుకు మాడిపోయాయి. ఈ ఆకును పిల్లలు కడంబూరు రైలుకట్ట పక్కన ఒక పూటంతా వెతికారు. దొరికింది గుప్పెడే.